కొన్న అనుభవం, దాచిన అనుభవం: రెజ్యూమెలో ఏది నిలబడుతుంది

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా డిగ్రీ కాలేజీల చుట్టుపక్కల జిరాక్స్ సెంటర్లలో రెజ్యూమె ఫైలు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పేరు, ఫోన్ నంబరు, కాలేజీ మార్చి ప్రింటు తీసి ఇస్తారు. పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నట్టు ఆ ఫైలు చివర ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంటుంది, దాని కింద సంతకం చేయాలి. సంతకం చేసేవాళ్లలో చాలామంది ఆ వాక్యం చదవరు. ఉద్యోగమిచ్చే కంపెనీ మాత్రం చదువుతుంది. ఆఫర్ లెటర్‌లో దానికి జోడీగా ఇంకో షరతు పెడుతుంది: ఇచ్చిన సమాచారం తప్పని తేలితే ఉద్యోగం రద్దు. చేరేముందు తేలినా, చేరిన మూడేళ్లకు తేలినా ఆ షరతు ఒకేలా వర్తిస్తుంది.

ఈ జిల్లాల నుంచి వెళ్లే రెజ్యూమెల్లో రెండు పొరపాట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి, చేయని ఉద్యోగాన్ని చేసినట్టు రాయడం. దీనికోసం కన్సల్టెన్సీకి డబ్బు కట్టి ఎక్స్‌పీరియన్స్ లెటరు, పే స్లిప్పులు కొంటారు. రెండోది ఎవరూ తప్పుగా భావించనిది: చేసిన పనిని దాచేయడం. మిర్యాలగూడ రైస్ మిల్లులో రెండు సీజన్లు లెక్కలు రాసిన బీకాం కుర్రాడు ఆ మాట రెజ్యూమెలో రాయడు, నామోషీగా ఉంటుందని. ఆ ఖాళీని పూడ్చడానికి హైదరాబాద్‌లో ఎవరూ చూడని కంపెనీ పేరుతో రెండేళ్ల అనుభవం పెడతాడు. నిలబడే సరుకు తీసేసి, నిలబడనిది పెట్టుకుంటున్నాడన్నమాట. ఈ రెండూ కలిపి చూస్తేనే రెజ్యూమెలో నిజాయితీ ఎందుకు అవసరమో అర్థమవుతుంది. అది మంచితనానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. రాసిన ప్రతి వరుసకూ బయట ఎక్కడో ఒక రికార్డు ఉంటుంది, ఆ రికార్డుతో సరిపోయిందే చివరికి మిగులుతుంది.

రికార్డులు ఎక్కడెక్కడ దొరుకుతాయి

పదిహేనేళ్ల కింద వెరిఫికేషన్ అంటే పాత కంపెనీకి ఒక ఫోన్ కాల్. అవతల కన్సల్టెన్సీ మనిషే ఫోనెత్తి 'అవును, మా దగ్గరే చేశాడు' అంటే పని అయిపోయేది. ఇప్పటికీ చాలామంది లెక్క అక్కడే ఆగిపోయింది. వెరిఫికేషన్ మాత్రం ఆగలేదు.

మొదటిది ప్రావిడెంట్ ఫండ్. 2014 నుంచి ప్రతి పీఎఫ్ సభ్యుడికీ 12 అంకెల యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబరు) ఉంది. ఎన్ని కంపెనీలు మారినా నంబరు మారదు. ఏ కంపెనీలో ఏ తేదీన చేరాడు, ఏ తేదీన మానేశాడు అన్నది సర్వీస్ హిస్టరీలో వరుసగా కనిపిస్తుంది. పాస్‌బుక్‌లో ఏ నెల ఎంత జమైందో ఉంటుంది. పెద్ద కంపెనీలు చేరే సమయంలో ఈ రెండూ అడుగుతాయి. రెజ్యూమెలో 2021 జూన్ నుంచి 2023 మే దాకా ఒక కంపెనీ పేరుంటే, పాస్‌బుక్‌లో అదే కాలంలో ఏమీ లేకపోతే వెంటనే ప్రశ్న వస్తుంది. ఇరవై మందికి తక్కువ ఉన్న చిన్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు కాబట్టి ఏమీ లేకపోవడమే నేరం కాదు. కానీ రెండు వందల మంది ఇంజినీర్లున్నారని చెప్పుకునే కంపెనీకి పీఎఫ్ లేదంటే ఎవరూ నమ్మరు.

ఇది తెలిసిన కన్సల్టెన్సీలు 'పీఎఫ్‌తో సహా ఇస్తాం' అని ఎక్కువ డబ్బు తీసుకుంటాయి. ఇక్కడే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోతారు. పీఎఫ్ పడింది కాబట్టి ఇక అది నిజమైన అనుభవమే అనుకుంటారు. పీఎఫ్ సంస్థ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి, అది ఏ నెల ఎంతమందికి చందా కట్టిందో ఎవరైనా చూడొచ్చు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో ఆ కంపెనీ ఎప్పుడు రిజిస్టరైంది, ఇప్పుడు నడుస్తోందా, పేరు కొట్టేశారా అన్నది కనిపిస్తుంది. 2022లో పుట్టిన కంపెనీ 2020 నుంచి అనుభవం ఇచ్చిన ఉదాహరణలు ఇలాగే బయటపడతాయి. పైగా పెద్ద ఐటీ సంస్థలు, వెరిఫికేషన్ ఏజెన్సీలు అనుమానిత కంపెనీల జాబితాలు పెట్టుకుంటాయి. కన్సల్టెన్సీ వాడిన పేరు ఈరోజు జాబితాలో లేకపోయినా, అదే పేరుతో మరికొంతమంది దొరికిన రోజు చేరుతుంది. అప్పుడు రెండేళ్లుగా నిజంగా కష్టపడి పనిచేస్తున్న ఉద్యోగి కూడా మళ్లీ విచారణకు వస్తాడు. డబ్బు కట్టి పీఎఫ్‌లోకి ఎక్కించుకున్న పేరు యూఏఎన్‌లో అలాగే ఉండిపోతుంది. రెజ్యూమెలో వరుస చెరిపినంత తేలికగా దాన్ని చెరపలేరు.

రెండోది పే స్లిప్పు. దీన్ని తయారుచేసేవాళ్లు అక్షరాలు, లోగో చూసుకుంటారు గానీ లెక్కలు చూసుకోరు. తెలంగాణలో వృత్తి పన్ను జీతం 15,000 దాటితే నెలకు 150 రూపాయలు, 20,000 దాటితే 200. ఈఎస్‌ఐ 21,000 లోపు జీతానికే ఉంటుంది, ఉద్యోగి వాటా 0.75 శాతం. అంటే 18,000 జీతం స్లిప్పులో 135 రూపాయల ఈఎస్‌ఐ, 150 రూపాయల వృత్తి పన్ను కనిపించాలి. 35,000 జీతం స్లిప్పులో ఈఎస్‌ఐ కనిపించకూడదు. పీఎఫ్‌ను 15,000 పరిమితి మీద కట్టే కంపెనీ అయితే ఉద్యోగి వాటా 1,800. ఈ అంకెలు రోజూ చూసే హెచ్‌ఆర్ మనిషికి తప్పు స్లిప్పు పట్టుకోవడానికి ఫోన్ కూడా అక్కర్లేదు. ఆ తర్వాత ఆ జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. జీతం పన్ను పరిధిలోకి వచ్చినట్టు చూపిస్తే జీతంలో కోసిన పన్ను చూపే ఫారం 16, ఫారం 26ఏఎస్ అడుగుతారు. ఒక అబద్ధానికి నాలుగు చోట్ల నాలుగు కాగితాలు సరిపోవాలి, ఏ ఒక్కటి సరిపోకపోయినా మిగతా మూడూ పోతాయి.

మూడోది చదువు. హాల్‌టికెట్ నంబరుతో యూనివర్సిటీ పరీక్షల విభాగానికి రాసి, ఫీజు కట్టి నిజనిర్ధారణ చేసుకునే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. తెలంగాణ ఉన్నత విద్యామండలి రాష్ట్ర యూనివర్సిటీల సర్టిఫికెట్లు సరిచూసుకోవడానికి 2022లో ఆన్‌లైన్ సేవ తెచ్చింది. డిజిలాకర్‌లో చాలా బోర్డులు, యూనివర్సిటీల మెమోలు నేరుగా వస్తాయి. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, పాలమూరు యూనివర్సిటీ 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు ఈ ప్రాంతంలో డిగ్రీ చదివినవాళ్ల పట్టా ఉస్మానియాది. కాలేజీ ఇప్పుడు ఏ యూనివర్సిటీ కింద ఉందో చూసి రాస్తే, పాత విద్యార్థి నిజాయితీగా రాసినా తప్పుగా తేలుతుంది. పట్టా మీద ఉన్న పేరే రాయాలి.

వెరిఫికేషన్ ఏజెన్సీ నివేదిక సాధారణంగా రంగుల్లో వస్తుంది. అన్నీ సరిపోతే గ్రీన్. చిన్న తేడా ఉంటే, లేక నిర్ధారించలేకపోతే ఆంబర్. నకిలీ కాగితమో, లేని ఉద్యోగమో అయితే రెడ్. ఆంబర్‌కు వివరణ అడుగుతారు, సరైన వివరణ ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది. రెడ్ వచ్చాక మాట్లాడేది ఏమీ ఉండదు. ఈ తేడా తెలియక చాలామంది ఆంబర్‌ను తప్పించుకోవడానికి రెడ్ తెచ్చుకుంటారు. ఆరు నెలల ఖాళీ ఆంబర్. దాన్ని కప్పడానికి పెట్టిన లెటరు రెడ్.

మార్కుల దగ్గర జరిగే పొరపాటు

ఇది ఎక్కువసార్లు మోసం కాదు, తెలియకపోవడం. ఫలితం మాత్రం ఒకటే. జేఎన్‌టీయూ హైదరాబాద్ పది పాయింట్ల గ్రేడింగ్‌లో సీజీపీఏను శాతంగా మార్చడానికి ఇచ్చిన సూత్రం: సీజీపీఏ నుంచి 0.5 తీసేసి 10తో గుణించాలి. 6.4 సీజీపీఏ ఉన్న విద్యార్థికి 59 శాతం వస్తుంది. నేరుగా పదితో గుణిస్తే 64, పాఠశాల రోజుల నుంచి గుర్తున్న 9.5తో గుణిస్తే 60.8. కంపెనీ కటాఫ్ 60 అయితే రెండు తప్పు లెక్కలూ అతన్ని లోపలికి పంపిస్తాయి, సరైన లెక్క బయట ఉంచుతుంది. తర్వాత మెమో చూసి సూత్రం వేసినప్పుడు 'కావాలనే ఎక్కువ రాశాడు' అన్న మచ్చ పడుతుంది. రెజ్యూమెలో సీజీపీఏ మెమోలో ఉన్నట్టే రాసి, ఫారంలో శాతం తప్పనిసరిగా అడిగితేనే యూనివర్సిటీ సూత్రంతో మార్చాలి. వేరే యూనివర్సిటీల వాళ్లు తమ మెమో మీద, నిబంధనల్లో ఉన్న పద్ధతి చూసుకోవాలి. పక్క కాలేజీ సూత్రం పనికిరాదు. 59.6ను 60 చేయడం కూడా కుదరదు.

పాసైన సంవత్సరం దగ్గరా ఇదే గందరగోళం. కోర్సు 2021లో ముగిసి, మిగిలిన బ్యాక్‌లాగ్ 2022లో పాసైతే, పాసైన సంవత్సరం 2022. 2021 అని రాస్తే ప్రొవిజనల్ సర్టిఫికెట్ దాన్ని కాదంటుంది. క్లియరైన బ్యాక్‌లాగ్‌లను రెజ్యూమెలో ప్రత్యేకంగా చెప్పాల్సిన పనిలేదు. ఫారంలో అడిగితే మాత్రం ఉన్న సంఖ్య చెప్పాలి.

ఇంకో చిన్న విషయం, కానీ వెరిఫికేషన్‌లో చాలామందిని ఆపేది: పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో చివర, పాన్‌లో పొడి అక్షరం మాత్రమే. రెజ్యూమెలో ముద్దుపేరో, కులసూచకం కలిపిన పేరో. ఇది అబద్ధం కాదు, కానీ అలా కనబడుతుంది. పదో తరగతి మెమోలో ఉన్న అక్షరక్రమమే అన్నిచోట్లా వాడాలి.

చేతిలో పని ఉన్నచోట అబద్ధం ఎక్కువసేపు ఆగదు

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని ఫార్మా కంపెనీలు, చౌటుప్పల్ వైపు మందుల పరిశ్రమలు ఈ జిల్లాల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, బీఫార్మసీ పిల్లలకు మొదటి గమ్యం. క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి వచ్చే రెజ్యూమెల్లో ఎక్కువగా కనిపించే మాట 'హెచ్‌పీఎల్‌సీ మీద పనిచేశాను'. మందులో ఏ పదార్థం ఎంత ఉందో కొలిచే యంత్రం అది. కాలేజీ ల్యాబ్‌లో లెక్చరర్ చూపించగా దూరం నుంచి చూసినవాళ్లూ అదే రాస్తారు.

ఇంటర్వ్యూలో కూర్చునే సెక్షన్ ఇన్‌చార్జ్ అడిగే ప్రశ్నలు చాలా మామూలువి. ఏ కాలమ్ వాడారు, పొడవు ఎంత, లోపలి వ్యాసం ఎంత. మొబైల్ ఫేజ్ ఎలా కలిపారు, ఎన్ని మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టారు. బఫర్ వాడిన తర్వాత కాలమ్ ఎలా కడిగారు. సిస్టమ్ సూటబిలిటీలో ఏం చూశారు, ప్రమాణం దాటితే ఏం చేశారు. నిజంగా ఒక్క నెల పనిచేసినవాడైనా '250 బై 4.6 మిల్లీమీటర్లు, సీ18, ఐదు మైక్రాన్లు, 0.45 ఫిల్టర్; స్టాండర్డ్ ఐదారు ఇంజెక్షన్ల ఆర్‌ఎస్‌డీ 2 శాతం లోపు, టెయిలింగ్ 2 లోపు' అని తడుముకోకుండా చెబుతాడు. చూసి వచ్చినవాడు మొదటి ప్రశ్న దగ్గరే నిర్వచనం మొదలుపెడతాడు. అడిగింది చేసిన పని గురించి, వస్తున్నది పుస్తకంలో పేరా. ఆ తేడా రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ఈ రంగంలో అబద్ధాన్ని అంత కఠినంగా చూడటానికి కారణం ఉంది. మందుల కంపెనీలో ఎవరు, ఎప్పుడు, ఏ పరీక్ష చేశారో అప్పటికప్పుడు రాయాలి, రాసింది మార్చకూడదు. కంప్యూటర్‌లో చేసిన ప్రతి మార్పూ ఆడిట్ ట్రెయిల్‌లో నమోదవుతుంది. రీడింగులు కల్పించారని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలో తేలితే హెచ్చరిక లేఖ వస్తుంది, ఎగుమతులు ఆగిపోవచ్చు. ఆ పనికి తగిన చదువు, శిక్షణ, అనుభవం ఉన్నవాళ్లనే పెట్టాలని ఎఫ్‌డీఏ నిబంధనే చెబుతుంది కాబట్టి ఉద్యోగి శిక్షణ రికార్డులు, వాటితోపాటు రెజ్యూమె కూడా ఆడిటర్ అడిగి చూసే కాగితాల్లో ఉంటాయి. లేని అనుభవం రాసిన రెజ్యూమె ఆ ఫైల్లో చేరిందంటే కంపెనీకే తప్పుడు పత్రం అంటించినట్టు. అందుకే ఫ్రెషర్ అయితే ఇలా రాయడం మేలు: 'హెచ్‌పీఎల్‌సీ ప్రదర్శన చూశాను, యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్, పీహెచ్ మీటర్, టైట్రేషన్ స్వయంగా చేశాను.' టైట్రేషన్ చిన్న పని అనుకుంటారు గానీ, బ్యూరెట్ రీడింగ్ సరిగ్గా తీసి, అప్పటికప్పుడు నోట్‌బుక్‌లో రాసే అలవాటున్న మనిషికి మిషన్ నేర్పించడం కష్టం కాదని ఇన్‌చార్జ్‌లకు తెలుసు.

ఐటీఐ పనుల్లో అయితే ఈ చర్చే అవసరం రాదు. దామరచర్ల మండలంలోని యాదాద్రి థర్మల్ కేంద్రం, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు లాంటి చోట్ల వెల్డర్ 6జీ అని రాస్తే 45 డిగ్రీలు వంచి బిగించిన పైపు మీద అతుకు వేయిస్తారు, దాన్ని ఎక్స్‌రే తీస్తారు. కాగితం మీద ఏముందో ఎవరూ పట్టించుకోరు.

సాఫ్ట్‌వేర్‌లో అబద్ధం కాస్త ఎక్కువ కాలం దాక్కుంటుంది, అందుకే అక్కడ ఎక్కువ. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి మూడేళ్ల అనుభవం పెట్టుకున్నవాడికి మూడేళ్ల అనుభవస్తుడి పనే ఇస్తారు. ఎవరూ నేర్పించరు, ఎందుకంటే నేర్చుకునే దశ దాటిందని అతనే రాశాడు. ఫ్రెషర్‌గా చేరితే దొరికే శిక్షణ, తప్పులు చేసే వెసులుబాటు రెండూ తన చేతులతో పోగొట్టుకుంటాడు. ఇంటర్వ్యూ ఇంకొకరు ఇచ్చి, ఉద్యోగంలో తను చేరే పద్ధతి ఇంకా ప్రమాదం. వీడియో ఇంటర్వ్యూలను రికార్డు చేసి చేరిన రోజు ముఖం, గొంతు పోల్చే కంపెనీలున్నాయి.

బీటెక్ ప్రాజెక్టు గురించి ఒక్క మాట. కొన్న ప్రాజెక్టును సొంతమని రాయడం కంటే, నలుగురు కలిసి చేసిన దాంట్లో తన భాగం ఏమిటో రాయడం మంచిది. 'డేటాబేస్ పట్టికలు నేను రూపొందించాను; స్క్రీన్లు మిగతా ముగ్గురు చేశారు' అన్న వరుస చదివిన ఇంటర్వ్యూయర్ పట్టికల గురించే అడుగుతాడు. ప్రశ్న ఎటు రావాలో అభ్యర్థే నిర్ణయించినట్టవుతుంది.

ఖాళీ సంవత్సరాలకు నిజమైన కారణం ఉంది

తెలంగాణలో గ్యాప్ ఉన్న రెజ్యూమె ఎందుకు అంత సిగ్గుపడాల్సిన విషయమైందో అర్థం కాదు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీ వల్ల రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. 783 పోస్టుల గ్రూప్-2కు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వస్తే పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. ఈ రెండేళ్లూ అశోక్‌నగర్, చిక్కడపల్లి గదుల్లోనో, జిల్లా గ్రంథాలయంలోనో చదువుకున్నవాళ్ల సంఖ్య తక్కువేం కాదు. హైదరాబాద్‌లో కూర్చున్న ఏ హెచ్‌ఆర్‌కైనా ఇది తెలిసిన విషయమే.

కాబట్టి ఆ కాలాన్ని దాచకుండా ఒకే వరుసలో రాయొచ్చు: '2022 మే – 2024 డిసెంబరు: గ్రూప్-1, గ్రూప్-2, గ్రూప్-4 పరీక్షల ప్రిపరేషన్.' ప్రిలిమ్స్ పాసై ఉంటే అది రాయాలి, ఎస్సై ఫిజికల్ టెస్టు దాటి ఉంటే అదీ రాయాలి. హాల్‌టికెట్లు, ర్యాంకు కార్డులు దాచుకోవాలి, గ్యాప్‌కు రుజువు అడిగితే అవే చూపించాలి. ఇంటర్వ్యూలో తప్పకుండా వచ్చే ప్రశ్న 'రేపు నోటిఫికేషన్ పడితే వెళ్లిపోతావా?' దీనికీ నిజమే చెప్పాలి. ప్రిపరేషన్ ఆపేస్తే ఆపేశానని, ఇంకో ప్రయత్నం ఉంటే ఉందని. వెళ్లిపోతారన్న భయంతో కొందరు ఉద్యోగం ఇవ్వరు, అది నిజమే. కానీ రెండేళ్లు ప్రైవేటు కంపెనీలో చేశానని రాసి, మళ్లీ గ్రూప్-2 సర్టిఫికెట్ల పరిశీలనకు సెలవు అడిగిన రోజు ఎదురయ్యే ఇబ్బందితో పోలిస్తే ఇది చిన్నది.

పెళ్లి, కాన్పు, పిల్లల పెంపకం వల్ల ఆగిన మహిళలు 'కుటుంబ బాధ్యతలు' అని కాలం రాస్తే సరిపోతుంది. అనారోగ్యం అయితే 'ఆరోగ్య కారణాలు, ఇప్పుడు కోలుకున్నాను'. జబ్బు పేరు రాయనక్కర్లేదు.

దాచేసిన అనుభవాన్ని ఎలా బయటికి తీయాలి

నిజాయితీ అంటే లేనిది రాయకపోవడం ఒక్కటే అనుకుంటే రెజ్యూమె బోసిగా మిగులుతుంది. ఉన్నదాన్ని పేరుపెట్టి రాయడం రెండో సగం, అదే కష్టమైన సగం.

వానకాలం, యాసంగి సీజన్లలో ఐకేపీ సెంటర్లోనో సహకార సంఘం కొనుగోలు కేంద్రంలోనో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు ఆ పనిని 'వడ్ల సెంటర్ల పనిచేసిన' అని తేలికగా కొట్టేస్తారు. అక్కడ జరిగింది చూస్తే: రైతు పట్టా పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా సరిచూడటం, తేమ 17 శాతం లోపు ఉందో లేదో మీటరులో చూసి నమోదు చేయడం, 40 కిలోల బస్తాల లెక్క, లారీకి ట్రక్ షీట్, మిల్లు దగ్గర దిగిన తూకంతో సరిపోల్చుకోవడం, డబ్బు పడలేదని వచ్చిన రైతుకు ఎక్కడ ఆగిందో చెప్పడం. లాజిస్టిక్స్ కంపెనీ, గోదాము, బ్యాంకు ఫీల్డ్ ఉద్యోగం ఏదైనా అడిగే పని ఇదే. రెజ్యూమెలో 'ధాన్యం కొనుగోలు కేంద్రం, డేటా ఎంట్రీ ఆపరేటర్, 2023 నవంబరు – 2024 జనవరి, 2024 ఏప్రిల్ – జూన్ (సీజనల్)' అని రాసి, కింద పై పనుల్లో తను నిజంగా చేసినవి రెండు మూడు వరుసల్లో పెట్టాలి. 'సీజనల్' అన్న మాట తీసేసి ఎనిమిది నెలలు ఏకధాటిగా చేసినట్టు చూపించకూడదు. రెండు సీజన్లు పిలిచారంటే మొదటి సీజన్ పని బాగుందని అర్థం, ఆ సంగతి చదివేవాళ్లకు తెలుస్తుంది.

రైస్ మిల్లు గుమస్తా పని కూడా అంతే. ప్రభుత్వం కొన్న వడ్లను మరపట్టి బియ్యంగా తిరిగిచ్చే సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్) కింద క్వింటాలు వడ్లకు ముడి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యం 68 కిలోలు అప్పగించాలి. ఆ లెక్క తప్పకుండా స్టాకు రిజిస్టరు నడపడం, ట్యాలీలో ఎంట్రీలు, జీఎస్టీ బిల్లులు, హమాలీల కూలి వోచర్లు. హైదరాబాద్‌లో అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఇంతకంటే దగ్గరి అనుభవం దొరకదు. జీతం నగదుగా ఇచ్చారు, పీఎఫ్ లేదు, అపాయింట్‌మెంట్ లెటరు లేదు అన్నది ఇక్కడి సమస్య. దానికి దారులున్నాయి. మిల్లు లెటర్‌హెడ్ మీద పేరు, పని, చేరిన, మానేసిన నెలలు, సంతకం, ఫోన్ నంబరుతో ఒక ఉత్తరం తీసుకోవాలి. మానేసేటప్పుడు సేటుతో మంచిగా మాట్లాడి తీసుకోవడమే తేలిక, రెండేళ్ల తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు. వెరిఫికేషన్ ఫారంలో 'జీతం నగదు, పీఎఫ్ వర్తించదు, ఫలానా వారిని సంప్రదించవచ్చు' అని ముందే రాయాలి. ముందే రాసింది ఆంబర్‌గా వచ్చినా వివరణ అక్కడే ఉంటుంది. అనుమతి లేకుండా ఎవరి నంబరూ ఇవ్వకూడదు, ఫోన్ వస్తుందని వాళ్లకు చెప్పి ఉంచాలి.

మీసేవ కేంద్రం, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు, ఇంటి దగ్గర ట్యూషన్, మెడికల్ షాపు కౌంటర్ ఇవన్నీ ఇదే పద్ధతిలో రాయదగినవే. భాషల విషయంలోనూ ఇక్కడివాళ్లు తమ బలాన్ని తామే తగ్గించుకుంటారు. ఇంగ్లీషు పక్కన 'ఫ్లూయెంట్' అని పెట్టి, నారాయణపేట, మక్తల్ వైపు పెరిగినవాళ్లు తమకొచ్చిన కన్నడం రాయరు. దేవరకొండ తండాల పిల్లలు లంబాడీ భాష రాయరు. రాయచూరు దాకా తిరిగే సేల్స్ ఉద్యోగానికి, తండాల్లో రుణాలిచ్చే సంస్థకు అవి ఇంగ్లీషు కంటే ముందు కావాలి. ఇంగ్లీషు దగ్గర 'చదవగలను, రాయగలను. మాట్లాడటం మెరుగుపరుచుకుంటున్నాను' అన్నది సరిపోతుంది. మాట్లాడటం ఎలా ఉందో ఇంటర్వ్యూలో మొదటి నిమిషంలోనే తెలుస్తుంది కదా.

నైపుణ్యాలకు నక్షత్రాలు, శాతాలు వేసే పద్ధతి మానేయాలి. 'ఎక్సెల్ 90 శాతం' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. 'వీ-లుకప్, పివట్ టేబుల్ వాడి నెలవారీ స్టాకు నివేదిక చేశాను' అంటే తెలుస్తుంది. ఏఐతో రాయించిన రెజ్యూమెల్లో ఈ ప్రమాదం ఇంకా పెరిగింది. ఉద్యోగ ప్రకటనలోని మాటలన్నీ ఏఐ తెచ్చి అభ్యర్థి నోట్లో పెడుతుంది. భాష సరిచేయడానికి వాడుకోవచ్చు. తర్వాత ప్రతి వరుస మీద వేలు పెట్టి 'దీని గురించి అయిదు నిమిషాలు మాట్లాడగలనా?' అని చూసుకుని, మాట్లాడలేనిది తీసేయాలి.

చెప్పక్కర్లేనివీ ఉన్నాయి. కులం, మతం, ఆధార్ నంబరు, తండ్రి ఆస్తిపాస్తులు, పాత మేనేజర్‌తో గొడవ రెజ్యూమెలో అవసరం లేదు. సంబంధం లేని రెండు నెలల పని వదిలేయొచ్చు. కానీ వెరిఫికేషన్ ఫారం 'అన్ని ఉద్యోగాలూ రాయండి' అంటే అదీ రాయాలి. రెజ్యూమె ఎంపిక చేసి చెప్పే కాగితం. ఫారం అడిగిందానికి పూర్తిగా జవాబివ్వాల్సిన కాగితం. ప్రభుత్వ ఉద్యోగాల అటెస్టేషన్ ఫారంలో ఇది మరీ ముఖ్యం. పోలీసు కేసు ఉందా అన్న ప్రశ్నకు, కొట్టేసిన చిన్న కేసయినా, లేదని రాస్తే కేసు కంటే దాచడమే పెద్ద తప్పవుతుంది. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. నిజం చెప్పిన చిన్న కేసును అధికారులు క్షమించడానికి అందులో అవకాశం ఉంది.

ఇప్పటికే తప్పు రాసి ఉంటే

నకిలీ పత్రం వాడటం ఉద్యోగం పోవడంతో ఆగకపోవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్ మోసానికి, 336 ఫోర్జరీకి, 340 ఫోర్జరీ పత్రాన్ని అసలుదిగా వాడటానికి. మోసం చేసి లాభం పొందితే, మోసం కోసం ఫోర్జరీ చేస్తే ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అమెరికా వీసా కోసం తప్పుడు అనుభవ పత్రం ఇచ్చినట్టు తేలితే జీవితాంతం ప్రవేశ నిషేధం పడే ప్రమాదం ఉంది. ఊళ్లో భూమి తాకట్టు పెట్టి పంపించిన కుటుంబం అంత నష్టం ఎలా మోస్తుంది?

దరఖాస్తు మాత్రమే పెట్టి ఉంటే పని సులువు. నౌకరీ, లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్లలో తప్పు వరుసలు తీసేసి, సరైన రెజ్యూమెతో మళ్లీ పంపాలి. రిక్రూటర్ల దగ్గర పాత ప్రతి ఉండిపోతుంది, అడిగితే 'ఆ ప్రతిలో తప్పులున్నాయి, ఇదే సరైనది' అని చెప్పాలి. ఆఫర్ వచ్చి, వెరిఫికేషన్ ఫారం ఇంకా నింపకపోతే అదే చివరి మంచి అవకాశం. ఫారంలో నిజమే నింపి, హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాలి: ఏ వరుస తప్పు, అసలు ఏం జరిగింది, ఏ రుజువులున్నాయి, మూడు వాక్యాల్లో. కారణాల చిట్టా అక్కర్లేదు. ఆఫర్ పోవచ్చు, కానీ రెడ్ నివేదిక రికార్డులో పడదు, తర్వాతి దరఖాస్తుకు దారి మిగులుతుంది.

నిజంగా పనిచేసిన కంపెనీ మూతపడితే భయపడి నకిలీ లెటరు చేయించుకోవద్దు. పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్, పాత మెయిళ్లు, అక్కడ పనిచేసిన ఇద్దరి వివరాలు ఇస్తే ఏజెన్సీలు తీసుకుంటాయి. పాత కంపెనీ పీఎఫ్‌లో ఎగ్జిట్ తేదీ వేయకపోతే రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసినట్టు కనిపిస్తుంది. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే తన లాగిన్‌లో ఆ తేదీ వేసుకోవచ్చు, కొత్త చోట చేరేముందే చూసుకోవాలి.

కన్సల్టెన్సీకి డబ్బు కట్టేసి ఉంటే, అది పోయిందని వదులుకోవడమే తక్కువ నష్టం. పెట్టిన డబ్బు వృథా కాకూడదని ఆ లెటరును వాడితే నష్టం పెరుగుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉంటే ముందు అవి తెచ్చుకోవాలి. ఇవ్వకుండా బెదిరిస్తే ఇంట్లో చెప్పి, స్థానిక పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, దాని రసీదు తీసుకోవాలి. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ పట్టా దాకా ఏ కాగితమైనా చూపించి వెనక్కి తెచ్చుకోవాల్సిందే తప్ప, ఉద్యోగం ఇప్పిస్తామన్న ఎవరి దగ్గరా ఒక్క రాత్రి కూడా ఉంచకూడదు.